పదిహేడో స్లయిడు సంజాయిషీ

ఆ ఏడాది రాష్ట్రంలో తగ్గడం రద్దయింది.

ఉత్తర్వు చిన్నదే, ఒకటిన్నర పేజీ. ప్రభుత్వ సంస్థల్లో నమోదయ్యే ఏ అంకె అయినా దానికి ముందు నమోదైన అంకె కన్నా తక్కువగా ఉండరాదన్నది దాని సారాంశం. ఈ పథకానికి ఊర్ధ్వముఖి అని పేరు పెట్టారు. రాజధానిలో గోడంత తెర ఒకటి కట్టి, రాష్ట్రంలోని అంకెలన్నిటినీ గీతలుగా దాని మీదికి ఎక్కించారు. పైకి పోయే గీత ఆకుపచ్చ. అడ్డంగా పోయేది పసుపు. కిందికి దిగేది ఎరుపు. ఎరుపు కనబడిన గంటలోపు కంప్యూటరే సంజాయిషీ మెమో తయారుచేసి, కింద జిల్లా ప్రగతి సమన్వయాధికారి సంతకం వేసి, తగ్గినవారికి పంపేస్తుంది. అధికారి దాన్ని చదవాల్సిన పని కూడా లేదు.

మొదట్లో పెద్దగా ఇబ్బంది రాలేదు. ఎండాకాలంలో జలాశయం మట్టం తగ్గిందని రాసిన ఇంజనీరు ఒకాయన మెమో అందుకుని, మర్నాటి నుంచి నీళ్ళను వదిలేసి గట్టు ఎత్తు కొలిచి పంపడం మొదలుపెట్టాడు. ఒక జైలువారు శిక్ష పూర్తయిన ఖైదీలను గేటు దగ్గర కుర్చీలు వేసి కూర్చోబెట్టి, కొత్తవాళ్ళు ఎవరైనా వస్తారేమోనని దారి చూసేవారు. పెద్దాసుపత్రి జ్వరాల వార్డు మాత్రం వారం వారం ఆకుపచ్చగా వెలిగిపోతుండేది. అది ఎలాగో ఎవరికీ అంతుపట్టలేదు. ఆసుపత్రి నర్సులందరికీ పెద్ద అయిన మరియరత్నం గారిని అడిగి తెలుసుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఆసుపత్రినే అంటిపెట్టుకుని ఉన్న వైద్య కళాశాలలో, రెండో అంతస్తులో, జీవరసాయన శాఖలో డాక్టర్ వసుంధర ఐదేళ్ళుగా ఒక పరిశోధన చేస్తోంది. పెరుగుతున్న మానవ అధివృక్క గ్రంథిలో గ్లూకోజ్‌ను వాడే ఎంజైములు అన్నది ఆమె విషయం. శీర్షికలోనే 'పెరుగుతున్న' అని ఉండడం చూసి శాఖాధిపతి విరూపాక్షం గారు ఎంతో ఊరట చెందారు.

అధివృక్క గ్రంథి మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చుని ఉంటుంది. పెద్దవాళ్ళకు అది చిన్న టోపీ. కడుపులో బిడ్డకు మాత్రం తలకు మించిన టోపీ. అందులో ఒక లోపలి పొర ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళూ ఆ పొర గ్లూకోజ్‌ను వాడుకుంటూ, బిడ్డను తల్లికి కలిపే మాయకు కావలసిన హార్మోను ముడిసరుకును రాత్రనక పగలనక తయారుచేసి పంపుతుంది. బిడ్డ పుట్టాక మాయ ఉండదు. సరుకు అందుకునేవారు లేరు గనక ఆ పొర మెల్లగా కరిగిపోతుంది. ఇది జబ్బు కాదు. అందరికీ జరిగేదే. ఈ వాక్యం చదువుతున్న వారికీ జరిగింది, ఎవరూ సంజాయిషీ అడగలేదు.

వసుంధర దగ్గర పదిహేడు స్లయిడ్లున్నాయి. టెక్నీషియన్ పైడిరాజు గ్రంథి ముక్కను గడ్డకట్టించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి అద్దం మీద పరిచేవాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, చెయ్యి మాత్రం వణకదు. దాని మీద రంగుమందు వేస్తే, ఎంజైము పనిచేస్తున్న చోటల్లా ఊదారంగు తిరుగుతుంది. ఊదా ఎంత చిక్కనో పని అంత జోరు.

మొదటి పదహారూ నిలవని కాన్పులవి. పదిహేడోది పదకొండు రోజులు బతికిన ఒక మగబిడ్డది. పదిహేడు మంది తల్లుల దగ్గరా సంతకమో వేలిముద్రో వసుంధర తనే తీసుకుంది. ఆ పని ఎవరికీ అప్పగించలేదు. పదిహేడో తల్లి పేరు నూకరత్నం, జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే మనిషి. జీడి రసానికి నల్లబడిన వేలితో ముద్ర వేసి, "కోసి సూసినాక ఏటి కనబడిందో నాకు సెప్తారా డాక్టరమ్మా?" అని అడిగింది. సిద్ధాంత గ్రంథం నమోదయ్యేదాకా ఫలితాలు బయట చెప్పకూడదని నిబంధన. నమోదయ్యాక తప్పకుండా చెబుతానని వసుంధర మాట ఇచ్చింది.

అది మూడేళ్ళ కిందటి మాట. గ్రంథం ఈ నెల ముప్పై ఒకటిలోపు ఊర్ధ్వముఖిలో నమోదు కాకపోతే ఐదేళ్ళ గడువు తీరిపోతుంది.

ఊదా చిక్కదనం కొలిచిన పదహారు అంకెలు సాఫీగా ఎక్కాయి. గర్భం పన్నెండో వారంలో పంతొమ్మిది దగ్గర మొదలై, ముప్పై ఎనిమిదో వారానికి అరవై నాలుగు. వసుంధర పదిహేడో అంకె కొట్టింది. నలభై ఒకటి.

తెర ఎర్రబడింది. "క్షమించాలి. 41 అనేది 64 కన్నా తక్కువ. దయచేసి ప్రగతిని నమోదు చేయండి" అన్న మాటలు కనిపించాయి.

"ఏటమ్మా, ఎర్రగయిపోనాది?" అన్నాడు పైడిరాజు వెనక నుంచి తొంగిచూసి.

"తగ్గిందట పైడిరాజు గారూ."

"తగ్గకేటవుద్ది? బిడ్డ పుట్టినాక కూడా ఆ పొర అక్కడే కూసుంటే అప్పుడు కదా మనం కంగారు పడాల!"

వసుంధర ఆ సంగతే వ్యాఖ్యల గడిలో రాసింది. వ్యాఖ్య నూట ఇరవై అక్షరాలకు మించిందనీ, అక్షరాలు మాత్రం తగ్గించవచ్చనీ కంప్యూటరు చెప్పింది.

గంట తిరక్కుండా మెమో వచ్చింది. విరూపాక్షం గారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తడిబట్ట తెచ్చినట్టు తెచ్చారు.

"ముప్పై ఏళ్ళ సర్వీసమ్మా నాది. ఒక్క మెమో లేదు. చదువు."

వసుంధర చదివింది.

"విషయం: అధివృక్క గ్రంథి — పనితీరులో తగ్గుదల — సంజాయిషీ కోరుట గురించి. సదరు గ్రంథి పదకొండవ దినమున ముప్పై ఆరు శాతం మేర వెనుకబడినట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. సదరు గ్రంథిపై క్రమశిక్షణా చర్యలు ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. ఈ మెమో అందినట్లు గ్రంథి సంతకము తీసుకుని, ఒక ప్రతిని తిప్పి పంపవలెను."

"సార్, గ్రంథి సంతకం ఎలా పెడుతుంది?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను," అన్నారు విరూపాక్షం గారు గంభీరంగా. "వేలిముద్ర అనుకుంటే వేళ్ళు లేవు. సరే, అది తర్వాత. ముందు ఆ పదిహేడోది తీసెయ్. పదహారు చాలవా? రూపాయికి అణాలెన్ని? పదహారేగా! పదిహేడణాల రూపాయి ఎక్కడైనా ఉందా?"

"అది తీసేస్తే పుట్టిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పే స్లయిడు ఒక్కటీ ఉండదు సార్. పైగా ఆ తల్లికి మాట ఇచ్చాను."

ఆయన పట్టికలోకి వంగి చూశారు. చెడ్డవారు కాదు, భయస్తులు. "అయితే చోటు మారుద్దాం. ఇరవై ఎనిమిదో వారం ముప్పై తొమ్మిది, ముప్పయ్యో వారం నలభై నాలుగు ఉంది కదా. ఆ రెంటి మధ్యా ఈ నలభై ఒకటి అందంగా ఇముడుతుంది."

"అప్పుడు బిడ్డ పుట్టి, పదకొండు రోజులు ఉండి, తిరిగి కడుపులోకి వెళ్ళి ఇంకో పది వారాలు పెరిగినట్టవుతుంది సార్."

"పరిశోధనలో కొత్తదనం ఉండాలని మొన్ననే కదమ్మా సర్క్యులర్ వచ్చింది!"

ఆమె కదలకపోయేసరికి ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని ప్రయత్నించారు. కంప్యూటరు ఒప్పుకోలేదు. వయసు కూడా తగ్గరాదని చెప్పింది. ఇప్పుడు వయసు మీద రెండో మెమో వచ్చింది. విరూపాక్షం గారు మంచినీళ్ళు తాగి, ప్రగతి సమన్వయాధికారి గారిని తనిఖీకి రమ్మని తనే ఫోన్ చేశారు. తెలిసి తప్పు చేసినవాడి కన్నా పిలిచి చూపించినవాడికి శిక్ష తక్కువ ఉంటుందని ఆయన లెక్క.

సమన్వయాధికారి త్రివిక్రమరావు గారు మర్నాడే వచ్చారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. మాట కూడా అంతే. ప్రయోగశాల గుమ్మంలో నిలబడి, "సదరు గ్రంథి ఎక్కడ?" అన్నారు.

వసుంధర మైక్రోస్కోపు చూపించింది. ఆయన తెరవాల్సిన కన్ను మూసి, మూయాల్సిన కన్ను తెరిచి, చాలాసేపు చూశారు.

"అంధకారంగా ఉన్నది."

"రెండో కన్నుతో చూడండి బాబూ," అన్నాడు పైడిరాజు.

"అవసరం లేదు. పరిస్థితి అర్థమైంది." ఆయన తలెత్తారు. "ఈ గ్రంథికి ఇరుగుపొరుగు ఎవరు?"

"మూత్రపిండం అండీ. దాని మీదే కూర్చుని ఉంటుంది."

"దాని పనితీరు?"

"పుట్టాక పెరుగుతూ పోతుందండీ."

త్రివిక్రమరావు గారి ముఖం వికసించింది. "గమనించండి! అదే రక్తం. అదే ఇల్లు. ఒకరు దినదినాభివృద్ధి, వారి నెత్తిన కూర్చున్నవారు మాత్రం క్షీణదశ. అంటే వనరుల లేమి కాదు, ప్రోత్సాహ లేమి. మూత్రపిండానికి ఒక ప్రశంసాపత్రం ఇప్పిస్తాను. దాన్ని గ్రంథికి కనబడే విధంగా అమర్చండి. అలాగే గ్రంథికి ఒక పూట ప్రేరణ శిక్షణ ఏర్పాటు చేయడమైనది."

"ఎవరికండీ?"

"గ్రంథికి. విడిగా కాదు, పదిహేడింటికీ. వివక్ష పనికిరాదు."

మూత్రపిండం ప్రశంసాపత్రం సాయంత్రానికి వచ్చింది. పైడిరాజు దాన్ని మైక్రోస్కోపుకు ఎదురుగా గోడకు అంటించాడు.

శిక్షణ బుధవారం పొద్దున సెమినార్ హాల్లో జరిగింది. మొదటి వరుసలో పదిహేడు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీలో ఒక్కో స్లయిడు పెట్టారు. ఒక్కో స్లయిడుకు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, ఒక నీళ్ళ సీసా. వసుంధర పదిహేడో కుర్చీ పక్కన నిలబడింది, ఎవరైనా మరిచి కూర్చుంటారేమోనని. ప్రేరణ వక్త తెల్ల సూటులో వచ్చాడు. శ్రోతలు ఎవరో ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పాక కూడా ఆయన తొణకలేదు. ఇంతకన్నా కదలికలేని శ్రోతలను బ్యాంకుల్లో చూశానన్నాడు.

"మీలో శక్తి ఉంది!" అని గర్జించాడు కుర్చీల వైపు. "మీరు కరిగిపోవడానికి పుట్టలేదు!"

అది కరిగిపోవడానికే పుట్టిందని వసుంధరకు తెలుసు. కానీ సభామర్యాద ఒకటుంది గనక ఊరుకుంది.

చివర అభిప్రాయ పత్రాలు పంచారు. పదిహేడూ పైడిరాజే పూర్తిచేశాడు. అన్ని గడుల్లోనూ 'చాలా బాగుంది' అని రాసి, భోజనం గడిలో మాత్రం 'గ్లూకోజు సరిపోలేదు' అని రాశాడు.

శిక్షణ తర్వాత మళ్ళీ కొలవమన్నారు. వసుంధర కొలిచింది. నలభై ఒకటి.

త్రివిక్రమరావు గారు ఈసారి కూర్చున్నారు. "ప్రోత్సాహం ఇచ్చినా మార్పు లేదు. కనుక ఇది నిర్లక్ష్యం కాదు, మూలకారణం వేరే ఉన్నది. తగ్గుదల సరిగ్గా ఎప్పటి నుంచి మొదలవుతోంది?"

"పుట్టినప్పటి నుంచి అండీ."

"పుట్టక ముందు?"

"పుట్టక ముందు ఎక్కువగానే ఉంటుంది."

ఆయన కలం తీశారు. వసుంధరకు ఆ క్షణంలోనే అనుమానం వచ్చింది గానీ, చదువుకున్నవారు అంతదాకా వెళ్ళరులే అనుకుంది. ఆయన ఆగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు ప్రసూతి వార్డుకు సర్క్యులర్ అందింది. "జననానంతరం శిశువుల గ్రంథులలో తగ్గుదల సంభవించుచున్నట్లు రుజువైనందున, ప్రస్తుత త్రైమాసికము ముగియువరకు, అనగా ముప్పై ఒకటవ తేదీ వరకు, ఆసుపత్రిలో జననములను వాయిదా వేయవలెను. అత్యవసర జననములకు కనీసం నలభై ఎనిమిది గంటల ముందు దరఖాస్తు చేసుకుని అనుమతి పొందవలెను."

మరియరత్నం గారు కళ్ళద్దాలు పెట్టుకుని సర్క్యులరు రెండుసార్లు చదివారు. తర్వాత కాన్పు గదిలోకి వెళ్ళి, నొప్పులు పడుతున్న ఆవిడ తల దగ్గర నిలబడి బిగ్గరగా చదివి వినిపించారు. ప్రభుత్వ ఉత్తర్వు సంబంధిత వ్యక్తులకు తెలియపరచాలి కదా.

"ఏటీ?" అంది ఆవిడ పళ్ళ బిగువున. "ఎవుడాడు రాసినోడు? ఆడ్నొచ్చి నా పక్క మంచం మీద తొంగోమను! ఆడు ఆపుకోగలిగితే నానూ ఆపుకుంతాను!"

ఆ మాటలకు మధ్య ఇంకొన్ని మాటలు ఉన్నాయి. మరియరత్నం గారు రిజిస్టరులో 'సర్క్యులరు చదివి వినిపించడమైనది, సంబంధితురాలు విభేదించినారు' అని రాశారు. పది నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు మొత్తం పద్నాలుగు మంది పుట్టారు. ఒక్కరూ దరఖాస్తు పెట్టుకోలేదు.

కాదు, ఒక్కరు పెట్టారు. త్రివిక్రమరావు గారి అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ప్రభుత్వాధికారులు ప్రభుత్వాసుపత్రినే వాడి ఆదర్శంగా నిలవాలన్నది ఇంకో ఉత్తర్వు గనక, అక్కడే చేర్పించారు. నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే ఆయన తండ్రిగా దరఖాస్తు రాసి, అధికారిగా దాన్ని అందుకున్నారు. నలభై ఎనిమిది గంటలు కాలేదని గమనించి, తిరస్కరించాలా మినహాయింపు ఇవ్వాలా అని తర్జనభర్జన పడుతూ ఉండగా మనవడు పుట్టాడు. అనుమతి లేకుండా పుట్టినా, చూస్తే ముచ్చటగా ఉన్నాడు. మూడు కిలోల వంద గ్రాములు.

నాలుగో రోజు పొద్దున తూచారు. రెండు కిలోల తొమ్మిది వందలు. నర్సు ఆ అంకె నమోదు చేసింది. గంటలోపు మెమో వచ్చింది.

త్రివిక్రమరావు గారు ఆ కాగితం పట్టుకుని ప్రయోగశాలకు వచ్చినప్పుడు, చొక్కా మడత నలిగి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చదవండమ్మా."

"విషయం: శిశువు — బరువులో తగ్గుదల — సంజాయిషీ కోరుట గురించి," అని వసుంధర చదివింది. మిగతాదంతా అదే. 'సదరు శిశువు'పై క్రమశిక్షణా చర్యలు ఎందుకు తీసుకొనరాదని అడిగారు. శిశువు సంతకము తీసుకుని పంపమన్నారు. కింద సంతకం త్రివిక్రమరావు గారిది.

"నా సంతకమే," అన్నారాయన. "నేను పెట్టలేదు. నాదే." కాగితాన్ని బల్ల మీద పెట్టారు. "రెండు వందల గ్రాములమ్మా. నాలుగు రోజుల్లో. మా ఆవిడ దేవుడి ముందు నుంచి లేవడం లేదు. నిజం చెప్పండి. తగ్గితే... ప్రమాదమా?"

ఆయన గొంతులో 'సదరు' లేదు. వసుంధర ఆయన కోసం మళ్ళీ కుర్చీ జరిపింది. ఈసారి కూర్చున్నారు.

"భయం లేదండీ. పుట్టిన బిడ్డలు మొదటి నాలుగు రోజుల్లో కొంచెం తగ్గుతారు. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది. పాలు పడుతున్న కొద్దీ, పది పన్నెండు రోజులకు మళ్ళీ పుట్టినప్పటి బరువుకు వస్తారు. మీ వాడు పాలు తాగుతున్నాడా?"

"వార్డంతా వినిపించేట్టు అడిగి తాగుతున్నాడు."

"అయితే బాగున్నాడు. ఇది కూడా అంతే," అని ఆమె పదిహేడో స్లయిడు పెట్టింది. "చూడండి."

ఆయన ఈసారి సరైన కన్ను తెరిచారు. ఊదారంగు చుక్కల మధ్య తెల్లగా ఖాళీలు కనిపించాయి.

"ఈ ఖాళీలు?"

"పని అయిపోయిన చోట్లు."

"ఒకవేళ ఇది తగ్గకుండా అలాగే ఉండిపోతే?"

"అప్పుడు బిడ్డ సంగతి ఆలోచించాలి."

ఆయన ఇంకోసారి ఆ ఖాళీలు చూశారు. తలెత్తి, "నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా," అన్నారు. "మెమోలు ఆపమని పైకి రాద్దామనుకున్నాను. ఆపితే ఈ నెల మెమోల సంఖ్య పోయిన నెల కన్నా తగ్గుతుంది. అప్పుడు నా గీత ఎర్రబడుతుంది. నాకు నేనే మెమో ఇచ్చుకుంటాను."

"మెమోల సంగతి తర్వాత. మనవడి కాలిముద్ర వేయించారా లేదా? మెమో అందినట్టు తిప్పి పంపాలంటగా!" అన్న గొంతు వినిపించింది. మరియరత్నం గారు గుమ్మంలో చార్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు.

"సిస్టర్, మీరైనా చెప్పండి. జ్వరాల వార్డు ఎలా పచ్చగా ఉంటోంది?" అంది వసుంధర. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"దాందేముంది డాక్టరమ్మా! తగ్గేది రాయడమెందుకు, పెరిగేది రాయక! మా వార్డులో జ్వరం రాయం. చల్లదనం రాస్తాం. నూట మూడు నుంచి నూటికి దిగిందనుకోండి, చల్లదనం మూడు పెరిగింది. అబద్ధమేమన్నా ఉందా అందులో? అక్కడ జలాశయం వాళ్ళు గట్టు కొలుచుకుంటున్నారు, పాపం. పొలాలకు పారిన నీళ్ళు రాసుకుంటే పోయేది. ఈ బాబుగారి మనవడి పేర బరువు కొట్టెయ్యండి, తాగిన పాలు రాయండి. ఆ పిల్లాడు చేసే గోలకి రాజధానిలో తెర చాలదు."

పైడిరాజు బల్ల మీద చెయ్యి చరిచాడు. "అమ్మా, మనదీ అంతేనమ్మా! మిగిలిన పని కాదు, అయిపోయిన పని రాసీండి!"

వసుంధర వెంటనే ఒప్పుకోలేదు. ఆ మాట నిజమా కాదా అని ఆలోచించింది. పొర మొదటి నుంచి చేసినదాన్ని తను ఎక్కడా దాచడం లేదు. కరిగిన భాగం ఎంతో అంతే రాస్తోంది. అసలు పట్టిక గ్రంథంలో నూట నలభై మూడో పేజీలో ఉండనే ఉంటుంది. ఊర్ధ్వముఖి ముందు పేజీ తప్ప ఏదీ తెరవదు. చూస్తే, ఆ పొర గురించి 'తగ్గింది' కన్నా 'పూర్తిచేసింది' అన్నదే సరైన మాటలా ఉంది. ఐదేళ్ళలో తనకది తోచలేదు.

ఆమె గడి పేరు మార్చింది. పూర్తయిన పని, శాతంలో. మొదటి పదహారింటికీ సున్నా. పదహారు పసుపు గీతలు వచ్చాయి, ఒక్కొక్కదాని పక్కనా 'నిలకడ గలదు, ప్రోత్సాహం అవసరం' అని. పదిహేడో అంకె కొట్టింది. ముప్పై ఆరు.

తెర ఆకుపచ్చగా వెలిగింది. విరూపాక్షం గారు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి, చూసి, జేబురుమాలు తీసి ముందు నుదురు, తర్వాత తెర తుడిచారు.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం గ్రంథం నమోదైంది. గంటలోపు ఇంకో కాగితం వచ్చింది. సున్నా నుంచి ఒక్కసారిగా ముప్పై ఆరుకు ఎగబాకిన గీత ఆ త్రైమాసికంలో జిల్లాలో మరొకటి లేదట. కంప్యూటరు తనంతట తానే ఉత్తమ ప్రగతి ప్రశంసాపత్రం తయారుచేసి, కింద త్రివిక్రమరావు గారి సంతకం వేసి పంపింది. చుట్టూ బంగారు రంగు అంచు. 'శ్రీ' అన్న అక్షరం తర్వాత పేరుకు చోటు ఖాళీగా ఉంది. స్లయిడుకు పేరు లేదు గనక చేతితో పూరించుకోవాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

నాలుగు రోజుల తర్వాత నూకరత్నం వచ్చింది. కార్ఖానా నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగుకు జీడి పొట్టు అంటుకుని ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే, ఫర్వాలేదు రమ్మంది వసుంధర. ఆమె విడిచే వచ్చింది.

"సెప్తానన్నారు కదమ్మా," అంది.

"చూస్తారా ముందు?"

నూకరత్నం మైక్రోస్కోపు మీదికి వంగింది. పైడిరాజు వెలుగు సరిచేసి పక్కకు తప్పుకున్నాడు. గోడ మీద మూత్రపిండం ప్రశంసాపత్రం ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది.

"వంగపువ్వు రంగు," అంది ఆమె కాసేపటికి. "ఇదేటమ్మా?"

"బాబు పనిచేసిన చోటు. మీ కడుపులో ఉన్నప్పుడు చాలా జోరుగా పనిచేశాడు. వాడు సరుకు పంపితే మాయ దాన్ని హార్మోనుగా మార్చేది. కడుపు సరిగ్గా పెరగడానికి అది కావాలి."

"అంటే నానొక్కదాన్నే మొయ్యలేదా?"

"లేదు. వాడూ మోశాడు."

నూకరత్నం కన్ను తియ్యలేదు. "మరి ఈ తెల్లగున్నదేటి?"

"పుట్టాక ఆ పని ఇక అక్కర్లేదు. అందుకని ముగించడం మొదలుపెట్టాడు. పదకొండో రోజుకు ఎంత ముగించాలో అంతా ముగించాడు."

"గుండెలో బెజ్జమన్నారు అప్పుడు."

"అది గుండె. అది వాడి చేతిలో లేదు. ఇది మాత్రం ఏ లోటూ లేకుండా చేశాడు."

ఆమె తలెత్తి, కొంగుతో కన్ను తుడుచుకుని, మైక్రోస్కోపు కంటిగాజును కూడా జాగ్రత్తగా తుడిచింది.

వసుంధరకు ఆ కాగితం తీయాలా వద్దా అని సందేహంగా ఉంది. అదొక పిచ్చి ఉత్తర్వు కొసరు. నవ్వులాటగా ఉంటుందేమో. పైడిరాజు అప్పటికే సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇదేటి బాబూ?"

"సర్టిఫికెట్టమ్మా. గవర్నమెంటుది. మీవోడికే. జిల్లాకి ఫస్టు."

నూకరత్నం కాగితాన్ని తాకకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని చదవడానికి ప్రయత్నించింది. "పేరు నేదేటి?"

"ఖాళీగా ఇచ్చారు," అంది వసుంధర. "ఏం రాయమంటారు?"

"పదకొండో రోజునే పురుడు సేసి పేరెడదామనుకున్నాం. అందర్నీ పిలిసీసినాం కూడా." ఆమె నల్లని వేళ్ళను చూసుకుంది. "సన్యాసిరావు అనుకున్నాం. మా మావ పేరు. ఇంటిపేరు కూడా రాయండమ్మా, రొంగలి. బళ్ళో ఇచ్చినవాటికి ఇంటిపేరు కూడా ఉంటాది కదా."

వసుంధర మంచి కలం వెతికి, తొందరపడకుండా, గుండ్రంగా రాసింది. శ్రీ రొంగలి సన్యాసిరావు. సిరా ఆరేదాకా ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. నూకరత్నం సంచిలోంచి జీడిపప్పు ప్యాకెట్టు కవరు ఒకటి తీసి, దులిపి, కాగితాన్ని మడత పడకుండా అందులోకి దించింది. పటం కట్టిస్తానంది.

ఆ సాయంత్రం ఊర్ధ్వముఖి నెలవారీ లెక్క అడిగింది. శాఖలో ఉన్న స్లయిడ్ల సంఖ్య. వసుంధర పదిహేడు అని కొట్టింది. పోయిన నెలా పదిహేడే. పసుపు గీత ఒకటి, ఎక్కడా వంగకుండా, తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగింది. ప్రోత్సాహం అవసరమని పక్కన రాసి ఉంది.

వసుంధర కంప్యూటరు కట్టేసి, పదిహేడో స్లయిడును దాని పెట్టెలో, దాని గాడిలో పెట్టింది.